టమాట సాగు, విక్రయం: రూపానికీ రుచికీ మధ్య దూరం

టమాట తెలుగువారి వంటింట్లో ఏడాది పొడవునా వాడే కూరగాయ. పప్పులో, చారులో, తొక్కులో, కోడిగుడ్డు కూరలో, మాంసం పులుసులో దీనికి చోటుంది. ఈ పంటను పండించే రైతు, కొనే వ్యాపారి, వండే గృహిణి దానిలో వెతికే గుణాలు మాత్రం ఒకటి కావు. మార్కెట్ దృష్టిలో రూపం అంటే పండు పరిమాణం, ఆకారం, ఎరుపు అంతటా సమంగా పరుచుకోవడం, తొక్క నునుపు, చేతికి తెలిసే గట్టిదనం. రుచి అంటే తీపి, పులుపు, వాసన కలిసి నోటికి అందే గుణం. గడిచిన అర్ధశతాబ్దంలో రకాల తయారీ, సాగు, రవాణా, ధర నిర్ణయం అన్నీ మొదటిదాని వైపే మొగ్గాయి. ఆ మొగ్గు ఎలా ఏర్పడిందో, దాని వెనుక ఉన్న జీవశాస్త్ర కారణాలేమిటో, మదనపల్లె వంటి పెద్ద మండీల్లోనూ కొత్తగూడ వంటి ఏజెన్సీ మండలాల అంగళ్లలోనూ అది ఏ రూపంలో కనిపిస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

పుట్టుక, వ్యాప్తి

టమాట అడవి బంధువులు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో, ముఖ్యంగా నేటి పెరూ, ఈక్వడార్ దేశాల్లో పెరుగుతాయి. గోళీకాయంత పండ్లు కాసే ఆ మొక్కల నుంచి పెద్ద పండ్ల రకాలు మెక్సికో ప్రాంతంలో సాగులోకి వచ్చాయి. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ద్వారా ఐరోపాకూ, ఆ తర్వాత ఐరోపా వర్తకుల ద్వారా భారతదేశానికీ ఈ పంట చేరింది. వంకాయ, మిరప, ఆలుగడ్డలతో పాటు ఇది సొలనేసి కుటుంబానికి చెందినది. తెలంగాణ పల్లెల్లో దీన్ని రామములక్కాయ అనీ, తమిళనాడుకు ఆనుకొని ఉన్న చిత్తూరు ప్రాంతంలో తక్కాళి అనీ పిలిచే అలవాటు ఉంది. నేడు టమాట ఉత్పత్తిలో చైనా తర్వాతి స్థానం భారతదేశానిదే. దేశంలో ఏటా సుమారు 2 కోట్ల టన్నుల పంట పండుతోంది.

తెలుగు వంటలో పులుపు మొదటి నుంచీ చింతపండు, మామిడికాయ, గోంగూర, చింతచిగురుల నుంచి వచ్చేది. టమాట ఆ వరుసలో చేరింది కాబట్టి, ఇక్కడ దాన్ని పచ్చిగా కోసుకొని తినడం కంటే ఉడికించి పులుపు కోసం వాడటమే ఎక్కువ. అందువల్ల తెలుగు ఇళ్లలో మంచి టమాట అంటే చింతపండు తోడు అంతగా అవసరం లేకుండా చారును నిలబెట్టగలిగేది, పొయ్యి మీద త్వరగా మెత్తబడి నూనెలో కలిసిపోయేది. పాశ్చాత్య దేశాల్లో రుచి చర్చ ప్రధానంగా తీపి, వాసనల చుట్టూ తిరిగితే, ఇక్కడ పులుపూ రసమూ దానికి కేంద్రమయ్యాయి.

రుచి ఏర్పడే తీరు

టమాట రుచికి మూడు ఆధారాలు ఉన్నాయి. మొదటిది చక్కెరలు, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్. రెండోది ఆమ్లాలు, వాటిలో ప్రధానమైనవి సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు. మూడోది వాసననిచ్చే సమ్మేళనాలు. పండు కొరికినప్పుడో నలిపినప్పుడో గాలిలో కలిసి ముక్కుకు చేరే ఈ పదార్థాలు వందల సంఖ్యలో ఉన్నా, మనిషికి స్పష్టంగా తెలిసేవి పాతిక ముప్పై వరకు ఉంటాయి. వీటితో పాటు మాంసపు పులుసుల్లో వచ్చే రుచిని పోలిన కమ్మదనాన్ని గ్లుటామిక్ ఆమ్లం ఇస్తుంది.

ఈ పదార్థాలు పండులో అంతటా ఒకే తీరున ఉండవు. పండును అడ్డంగా కోస్తే బయట కండగల గోడ, లోపల గింజలు, వాటి చుట్టూ జిగురు నిండిన అరలు కనిపిస్తాయి. ఆమ్లాలూ గ్లుటామిక్ ఆమ్లమూ కండలో కంటే ఆ జిగురులోనే ఎక్కువ. గాడులు తేలి పైనా కిందా అణిగినట్టు ఉండే నాటు పండులో అరలు ఎక్కువ, గోడ పలుచన. కోయగానే రసం కత్తి వెంట కారుతుంది. కోలగా ఉండే సంకర పండులో సాధారణంగా రెండు మూడు అరలే ఉండి, గోడ మందంగా ఉంటుంది. ముక్కలు చెదరకుండా కోసినచోటే నిలుస్తాయి. పండుకు గట్టిదనాన్ని ఇచ్చే మందపు గోడ పెరిగేకొద్దీ పులుపునిచ్చే జిగురుకు చోటు తగ్గుతుంది. రూపానికీ రుచికీ మధ్య పోటీలో కంటికి నేరుగా కనిపించే భాగం ఇదే.

పండు కోసిన తర్వాత కూడా రుచి మారుతుంది. 2016లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన 5 డిగ్రీల సెల్సియస్ చలిలో వారం రోజులు ఉంచిన పండ్లలో వాసననిచ్చే సమ్మేళనాల తయారీకి అవసరమైన జన్యువులు అణిగిపోతాయనీ, తిరిగి మామూలు వేడిమికి తెచ్చినా అవి పూర్తిగా కోలుకోవనీ చూపింది. చక్కెరలు, ఆమ్లాలు మాత్రం పెద్దగా మారలేదు. ఫ్రిజ్‌లో ఉంచిన టమాట తీపి పులుపులు ఉన్నా చప్పగా అనిపించడానికి కారణం ఇదే. సుమారు 12 డిగ్రీలకు దిగువన నిల్వ చేయకపోవడం రుచికి మంచిది.

రూపం కోసం జరిగిన ఎంపిక

పాత రకాల పచ్చికాయను గమనిస్తే తొడిమ చుట్టూ ముదురు ఆకుపచ్చ వలయం కనిపిస్తుంది. పండాక ఆ భాగం ఒక్కోసారి పసుపుగా, గట్టిగా మిగిలి, పండు అందాన్ని తగ్గిస్తుంది. కాయంతా లేత ఆకుపచ్చగా ఉండి, పండేటప్పుడు అంతటా ఒకేసారి ఎర్రబడే సహజమైన జన్యుమార్పు గల మొక్కలను ప్రజనన శాస్త్రవేత్తలు, అంటే కొత్త రకాలను రూపొందించేవారు, సుమారు 70 ఏళ్ల పాటు ఏరి వాడుతూ వచ్చారు. కాయ ఎప్పుడు పక్వానికి వచ్చిందో తేలిగ్గా తెలియడం, అన్ని పండ్లూ ఒకే రంగులో ఉండటం దీని లాభాలు. 2012లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ డేవిస్ శాఖ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి ప్రచురించిన పరిశోధన ఆ మార్పు వల్ల పనిచేయకుండా పోయిన జన్యువు ఏమిటో తేల్చింది. జీఎల్‌కే2 అనే ఆ జన్యువు కాయలో హరితరేణువుల అభివృద్ధిని నడిపిస్తుంది. హరితరేణువులు సూర్యరశ్మితో చక్కెరను తయారుచేసే కణభాగాలు. అవి తగ్గితే పండులో చక్కెరలూ, ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా కొంత తగ్గుతాయి. సమానమైన రంగు కోసం చేసిన ఎంపిక తెలియకుండానే తీపిని తగ్గించిందన్నమాట.

రెండో ఎంపిక నిల్వకు సంబంధించినది. 1960లలో గుర్తించిన ‘రిన్’ అనే జన్యుమార్పు పండు పక్వమయ్యే ప్రక్రియను అడ్డుకుంటుంది. ఆ మార్పున్న మొక్కను సాధారణ మొక్కతో సంకరం చేస్తే పుట్టే పండ్లు నెమ్మదిగా పండి ఎక్కువ రోజులు నిలుస్తాయి. ప్రపంచమంతటా దీర్ఘనిల్వ సంకర రకాల్లో దీన్ని విరివిగా వాడారు. పక్వానికి తోడుగా పుట్టే వాసన సమ్మేళనాలు ఇలాంటి పండ్లలో తగ్గుతాయి. పండు మెత్తబడటాన్ని ఆలస్యం చేసేలా జన్యుమార్పిడితో తయారైన ‘ఫ్లేవర్ సేవర్’ 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది గానీ కొన్నేళ్లకే మార్కెట్ నుంచి తప్పుకుంది.

2017లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త హ్యారీ క్లీ బృందం, చైనా శాస్త్రవేత్తలతో కలిసి, 398 ఆధునిక, పాత, అడవి రకాల జన్యుక్రమాన్ని పరిశీలించి, వాటిలో కొన్నింటిని మనుషులకు రుచి చూపించి ఫలితాలను పోల్చింది. రుచికి ముఖ్యమైన 13 వాసన సమ్మేళనాలు పాత రకాలతో పోలిస్తే ఆధునిక రకాల్లో గణనీయంగా తగ్గాయని తేలింది. వీటిలో చాలావాటికి చక్కెరతో సంబంధం లేదు; ఇవి అతి స్వల్ప మోతాదుల్లోనే పనిచేస్తాయి కాబట్టి దిగుబడి తగ్గకుండానే తిరిగి తెచ్చుకునే వీలుంది. చక్కెరల విషయం అలా కాదు. ఒక మొక్క ఆకులు తయారుచేయగల చక్కెరకు హద్దు ఉంది కాబట్టి, కాయల సంఖ్యా, పరిమాణమూ పెరిగేకొద్దీ ఒక్కో పండు వాటా పలుచబడుతుంది.

తెలుగు ప్రాంతాల్లో రకాలు

తెలుగు రాష్ట్రాల్లో సాగైన రకాలను మూడు తరాలుగా చూడవచ్చు. మొదటివి నాటు రకాలు. పెరళ్లలో, చేల గట్ల మీద పెరిగే వీటి పండ్లు చిన్నవి లేదా గాడులతో అణిగినట్టు ఉండేవి, పులుపు ఎక్కువ, తొక్క పలుచన. బాగా పండిన పండును పిసికి, గింజలను ఒకటి రెండు రోజులు పులియనిచ్చి జిగురు వదిలాక కడిగి, బూడిద కలిపి ఆరబెట్టి మరుసటి ఏటికి దాచుకొనేవారు. ఆ జిగురులో గింజ మొలకెత్తకుండా ఆపే పదార్థాలు ఉండటం వల్ల పులియబెట్టడం అవసరమవుతుంది.

రెండో తరం ప్రభుత్వ పరిశోధన సంస్థలు విడుదల చేసిన సూటి రకాలు, అంటే రైతు తన పంట నుంచే విత్తనం తీసుకున్నా అదే గుణం నిలిచేవి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా రూబీ, బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా వికాస్, అర్కా సౌరభ్, తమిళనాడులోని పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 వంటివి తెలుగు రైతులకు పరిచయమైన పేర్లు. అర్కా వికాస్, పీకేఎం-1 రెండింటి కాయల మీదా తొడిమ దగ్గర ఆకుపచ్చ వలయం ఉంటుంది. పూసా రూబీ పండు మెత్తన, పులుపు ఎక్కువ. దూర ప్రయాణానికి నిలవదు. అర్కా సౌరభ్ గట్టి కండతో రవాణాకు అనువుగా రూపొందింది.

మూడో తరం సంకర రకాలు. సంకర విత్తనం కోసం తల్లి మొక్క మీది మొగ్గ విచ్చుకోకముందే పట్టకారుతో కేసరాలను తొలగించి, తండ్రి రకం పుప్పొడిని చేత్తో అద్దాలి. ఒక్కో పువ్వుకూ ఇంత పని ఉండటం వల్ల విత్తనం ఖరీదవుతుంది. దాని పంట నుంచి తీసిన గింజలు వేస్తే మరుసటి పంటలో గుణాలు చెదిరిపోతాయి కాబట్టి రైతు ప్రతిసారీ కొత్త విత్తనమో నారో కొనాల్సిందే. 1988 నాటి నూతన విత్తన విధానం ప్రైవేటు కంపెనీలకు దారి తెరిచాక ఈ విత్తనాలు వేగంగా విస్తరించాయి. ప్రభుత్వ రంగంలో బెంగళూరు సంస్థ రూపొందించిన అర్కా రక్షక్ ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకొంటుంది. 90 నుంచి 100 గ్రాముల గట్టి పండ్లను ఇస్తుంది.

సంకర రకాల విస్తరణకు రూపమొక్కటే కారణమనడం న్యాయం కాదు. తెల్లదోమ వ్యాపింపజేసే ఆకుముడత వైరస్ సోకితే నాటు రకాల చేను పూత దశలోనే దెబ్బతింటుంది. ఈ వైరస్‌ను తట్టుకొనే జన్యువులు అడవి టమాట జాతుల నుంచి వచ్చాయి. వాటిని సాగు రకాల్లోకి తేవడానికి తరాల తరబడి సంకరం అవసరం. పండు రూపం, దిగుబడి, తెగులు నిరోధకత ఒకే విత్తనపు పొట్లంలో వచ్చాయి కనుకనే రైతు దాన్ని ఎంచుకున్నాడు. ఆ పొట్లంలో రుచికి చోటు దక్కలేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ అడగలేదు.

సాగు, కోత

ఒకే రకం పండు కూడా పండించే తీరును బట్టి రుచి మారుతుంది. నీరు అవసరానికి మించి అందితే పండు బరువెక్కి చక్కెర, ఆమ్లం పలుచబడతాయి. కోతకు ముందు నీటిని కొంత తగ్గిస్తే పండు చిన్నదైనా రుచి చిక్కబడుతుంది. ధర బరువు మీద వచ్చే చోట ఈ పని రైతుకు నష్టమే. వేడిమి పాత్ర కూడా పెద్దది. సుమారు 20 నుంచి 25 డిగ్రీల మధ్య లైకోపీన్ బాగా తయారవుతుంది, 30 డిగ్రీలు దాటితే అది మందగించి పండు నారింజ, పసుపు రంగుల్లో మిగులుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ మైదానాల్లో పండిన టమాట రుచి బాగున్నా రంగులో వెనకబడుతుంది. పైగా ఆ ఎండలకు పూత రాలి కాపు కూడా పడిపోతుంది.

కోత దశ మరో కీలకం. కాయ పూర్తిగా ఎదిగాక అడుగున లేత గులాబీ ఛాయ తొంగిచూసే దశను రంగు తిరిగే దశ అంటారు. దూరం పంపే పంటను ఈ దశలోనో అంతకు ముందో కోస్తారు. మొక్క మీద చివరి రోజుల్లో పండులోకి చేరే చక్కెర అలా కోసిన పండుకు దక్కదు. పండ్లను మాగబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. నియంత్రిత మోతాదులో ఇథిలీన్ వాయువును అనుమతించాయి. ఇథిలీన్ పండు సహజంగా విడుదల చేసుకొనేదే అయినా, పక్వానికి రాని కాయకు అది రంగునే తెస్తుంది.

మదనపల్లె మండీ, ధర నిర్ణయం

పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దేశంలోని అతిపెద్ద టమాట మార్కెట్లలో ఒకటి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల వేసవిలోనూ అక్కడ టమాట పండుతుంది. మైదానాల్లో పంట పడిపోయే నెలల్లో తెలంగాణ, కోస్తా, తమిళనాడు, ఉత్తరాది నగరాలు ఈ పంట మీదా, దాన్ని ఆనుకొని ఉన్న కర్ణాటకలోని కోలారు పంట మీదా ఆధారపడతాయి. ఆ భౌగోళిక సౌలభ్యమే అక్కడి పండు స్వరూపాన్ని కూడా నిర్ణయించింది. లారీలో వందల కిలోమీటర్లు, రెండు మూడు రోజులు కుదుపులకు ఓర్చాలంటే గోడ మందంగా, తొక్క దళసరిగా ఉండక తప్పదు.

మండీలో పంట ప్లాస్టిక్ క్రేట్లలో దిగుతుంది. రైతు కుటుంబమో కూలీలో చేనులోనే పగుళ్లు, మచ్చలు, పుచ్చు ఉన్న కాయలను ఏరివేసి, పరిమాణాన్ని, రంగును బట్టి వేరు చేస్తారు. కొనేవారు పై వరుసను చూసి, ఒకటి రెండు కాయలను వేళ్లతో నొక్కి, అవసరమైతే క్రేటును పక్క క్రేటులోకి వంచి అడుగు సరుకు చూస్తారు. వేలం క్షణాల్లో ముగుస్తుంది. ఆ కొద్ది సమయంలో కంటికీ వేలికీ అందే గుణాలకే ధర పలుకుతుంది. పండును కోసి రుచి చూసే సందర్భమే ఆ క్రమంలో లేదు. కమీషన్ ఏజెంటు, ఎగుమతి వ్యాపారి, నగరంలోని టోకు వర్తకుడు, చిల్లర దుకాణదారు దాకా ప్రతి మజిలీలోనూ ఇదే కొలమానం కొనసాగుతుంది. రుచి తెలిసే వినియోగదారు ఆ గొలుసు చివరన ఉంటాడు, ఆయన అభిప్రాయం వెనక్కి చేరే దారి లేదు.

ధరల ఊగిసలాట ఈ మొగ్గును మరింత బలపరుస్తుంది. 2023 జులై చివరలో మదనపల్లెలో మేలు రకం టమాట కిలో 200 రూపాయల దాపుకు చేరింది. కేంద్ర ప్రభుత్వ ఆదేశంతో సహకార సంస్థలు అక్కడ కొని ఢిల్లీ వంటి నగరాల్లో తక్కువ ధరకు అమ్మాయి. అదే ఏడాది సెప్టెంబరు నాటికి కర్నూలు జిల్లా పత్తికొండ మార్కెట్లో కిలో పది రూపాయలు కూడా పలకలేదు. ఇంత అనిశ్చితిలో రెండు రోజులు ఎక్కువ నిలిచే పండు రైతుకు బీమా వంటిది. టమాట, ఉల్లి, ఆలుగడ్డల ధరలను నిలకడగా ఉంచేందుకు కేంద్రం 2018లో 500 కోట్ల రూపాయలతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ పథకం కూడా నిల్వ, రవాణా, శుద్ధి సదుపాయాల మీదే దృష్టి పెట్టింది.

కొత్తగూడ, ఏజెన్సీ అంగళ్లు

పాకాల అడవులకు ఆనుకొని ఉన్న కొత్తగూడ మండలం 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వరంగల్ నుంచి కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. కోయలు, లంబాడాలు ఎక్కువగా నివసించే ఏజెన్సీ ప్రాంతమిది. వరి, మొక్కజొన్న, పత్తి, మిరప ఇక్కడి పొలాలను ఆక్రమిస్తాయి. టమాట ఇక్కడ పెద్ద వాణిజ్య పంట కాదు. పెరట్లో, బావి దగ్గరి కొద్దిపాటి చెలకలో, మిరప చేను అంచున పండే కూరగాయ.

ఇలాంటి మండలాల్లో రెండు రకాల సరఫరా ఎదురెదురుగా నిలుస్తాయి. చలికాలంలో చుట్టుపక్కల పండిన పంట గంపల్లో అంగడికి వస్తుంది. తెల్లవారి కోసిన పండు ఆ పూటే అమ్ముడుపోతుంది కాబట్టి అది పూర్తిగా ఎర్రబడేదాకా మొక్క మీదే ఉండగలదు, తొక్క పలుచనైనా నష్టం లేదు. అమ్మే మనిషి కొనే మనిషికి తెలిసిన వారే కావడం వల్ల గత వారం పండు ఎలా ఉందో ఈ వారం నోటిమాటగా తిరిగి వస్తుంది. వేసవిలో ఆ పంట ఆగిపోయి, నగరాల టోకు మార్కెట్ల మీదుగా వచ్చిన గట్టి కాయ ఆ చోటును నింపుతుంది. ఆ నెలల్లో అది లేకపోతే కూరలో టమాటే ఉండదు కనుక దాని మేలును కూడా కాదనలేం. ఇబ్బంది ఎప్పుడు వస్తుందంటే, చలికాలంలో కూడా స్థానిక రైతు అదే గట్టి రకం విత్తనాన్ని వేయడం మొదలైనప్పుడు. రవాణా అవసరం లేని చోట రవాణా కోసం పుట్టిన పండును పండించి, ఖరీదైన విత్తనానికి డబ్బు పెట్టి, ఉన్న రుచిని వదులుకోవడం అప్పుడు జరుగుతుంది.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లు ఈ దగ్గరి మార్కెట్ సూత్రాన్నే పట్టణాలకు తెచ్చాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్మే ఈ చోట్ల మెత్తని నాటు టమాట విడిగా, తన పేరుతో కనిపిస్తుంది; చారుకూ పచ్చడికీ దాన్నే అడిగి తీసుకొనేవారు ఉన్నారు.

చపాట మిరప: దగ్గరి పోలిక

రూపానికి విలువ కట్టడం అన్నిసార్లూ తప్పే కాదనడానికి ఓరుగల్లు ప్రాంతంలోనే ఒక సాక్ష్యం ఉంది. ఇక్కడి చపాట మిరపను, గుండ్రంగా ఉబ్బి ఉండే కాయ వల్ల, టమాట మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, ఎరుపు చాలా ఎక్కువ. పచ్చళ్లకు, రంగు తీసే పరిశ్రమకు అదే కావాలి. అంటే ఈ కాయలో కంటికి కనిపించే ఎరుపే వాడుకలోనూ పనికొచ్చే గుణం. మహబూబాబాద్ జిల్లా మల్యాలలోని ఉద్యాన పరిశోధన కేంద్రం, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, రైతుల సంస్థ కలిసి చేసిన కృషితో 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతపు పంటకు ఉన్న ప్రత్యేక గుణాన్ని కొలిచి, నమోదు చేసి, పేరుతో అమ్మవచ్చని ఈ ఉదాహరణ చెబుతోంది. ఇటలీలోని సాన్ మర్జానో టమాటకు 1996లో ఐరోపా సమాఖ్య ఇచ్చిన రక్షిత గుర్తింపు కూడా ఇటువంటిదే.

రుచికి విలువ కట్టే మార్గాలు

రుచిని కొలవలేమన్న వాదన నిజం కాదు. పండు రసం చుక్కను రిఫ్రాక్టోమీటర్ అనే చేతిలో ఇమిడే పరికరం మీద వేస్తే అందులో కరిగి ఉన్న చక్కెర తదితర పదార్థాల శాతం బ్రిక్స్ అనే కొలతలో తెలుస్తుంది. మామూలు టమాటలో ఇది 4, 5 దగ్గర ఉంటుంది. జపాన్‌లో నీటిని కట్టడి చేసి పండించే చిన్న తీపి టమాటలను బ్రిక్స్ కొలత చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. గుజ్జు తీసే పరిశ్రమ కూడా ఈ కొలతకు ప్రాధాన్యమిస్తుంది, ఎందుకంటే పలుచని రసాన్ని చిక్కబరచడానికి ఇంధనం ఖర్చవుతుంది. పాలలో వెన్న శాతాన్ని కొలిచి ధర కట్టే పద్ధతి తెలుగు పల్లెలకు దశాబ్దాలుగా అలవాటైనదే. టమాట మండీలో అటువంటి కొలత ఇంకా అడుగుపెట్టలేదు.

పరిశోధనకు కూడా ఇక్కడ పునాది ఉంది. 2012లో వెలువడిన టమాట జన్యుక్రమాన్ని రూపొందించిన అంతర్జాతీయ బృందంలో భారత సంస్థలు పాల్గొన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో టమాట జన్యు వనరుల మీద ప్రత్యేక కేంద్రం పనిచేస్తోంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతులు తాము కాపాడిన రకాలను నమోదు చేసుకోవచ్చు. నాటు టమాటలను ఊరూరా సేకరించి, పులుపు, రసం, వాసనలను కొలిచి, ఆకుముడత నిరోధకతను వాటిలోకి తీసుకురావడం ఈ సంస్థల శక్తికి లోబడిన పని.

రూపమా, రుచా అన్న ఎంపిక టమాట మొక్క మనిషి ముందుంచినది కాదు. దూరం గట్టిదనాన్ని కోరింది, వేలం రంగును కోరింది, ఆ రెండింటికీ తగిన విత్తనాన్ని శాస్త్రం అందించింది. దూరపు మార్కెట్ కోసం పండించే మదనపల్లె రైతుకు గట్టి పండు తప్పనిసరి కావచ్చు. కోసిన పూటే అమ్ముకోగలిగే కొత్తగూడ రైతుకు ఆ నిర్బంధం లేదు. ఏ మార్కెట్‌కు ఏ పండు అన్న విభజన స్పష్టమై, సూటి రకాల విత్తనం ఏజెన్సీ రైతు చేతికి అంది, రుచిగల పండుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టే వాడుక స్థిరపడితే, మంచి టమాట ధనికుల ప్రత్యేక సరుకుగా మారకుండా మామూలు అంగడిలోనే దొరుకుతుంది.